బిగువు తెలిసిన చేతులు

మా వదిన గురించి చెప్పాలంటే ముందు ఆమె చేతుల గురించి చెప్పాలి. ఆమెను తప్పుదారి పట్టించినవి అవే కనుక, విచారణ అక్కడి నుంచే మొదలవడం న్యాయం.

ఆమె ఒక బేకరీలో పిండి పిసుకుతుంది. బ్రెడ్డు పిండిని యంత్రం కలుపుతుంది. బన్నుల పిండిని మాత్రం మనిషే పిసకాలని ఓనరు గారి పట్టుదల. యంత్రం ముట్టిన బన్ను మర్నాటికే రబ్బరవుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పెళ్లికి ముందు నుంచీ మా వదిన భుజాలు మోస్తున్నాయి.

దుకాణం ముందు భాగమంతా అద్దాలూ దీపాలూ. వెనక గది వేరు. పొడవాటి స్టీలు బల్ల, దాని ఒక కాలు కింద మడిచిపెట్టిన రేకు ముక్క, గోడకు ఆనుకుని బట్టీ, మూలన మైదా బస్తాలు, పైన ఎప్పుడూ తిరిగే ఫ్యాను. కుర్చీ లేదు. బస్తాల మీద కూర్చోకూడదు. కూర్చుంటే పిండి గడ్డకడుతుందట. ఈ నియమాన్ని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అయినా ఏ చట్టానికీ దక్కనంత విధేయత దానికి దక్కింది.

ఆ బల్ల దగ్గర వదిన నేర్చుకున్న విద్య ఇది. పిసికేకొద్దీ పిండి బిగుస్తుంది. ఇంకా పిసికితే మొండికేసి, సాగదీసినా వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు తడిగుడ్డ కప్పి వదిలెయ్యాలి. కాసేపాగి రెండు వేళ్లతో నొక్కాలి. వేళ్లు మెత్తగా దిగితే పిండికి ఏమీ కాలేదు, పని కొనసాగించవచ్చు. బిగిసినది వదులైతే అంతా క్షేమం. చేతికి ఇంతగా అలవాటైన సూత్రాన్ని మనిషి బల్ల దగ్గరే వదిలి రాదు. వదిన దిండునూ అలాగే నొక్కి చూస్తుంది, టమాటానూ అలాగే నొక్కి చూస్తుంది, అలిగి ముడుచుకు పడుకున్న మా అన్నయ్య వీపునూ అలాగే నొక్కి చూసి, "ఇంకా నానాలి" అని వెళ్లిపోతుంది.

పెళ్లైన చాలా ఏళ్లకు ఆమెకు నెల తప్పింది. మా అమ్మ ఆశ వదులుకుని, ఆ ఊసెత్తడం మానేసి, మానేశానని అందరికీ చెప్పుకుంటూ ఉన్న రోజులవి. అందుకే ఆ బిడ్డ నెలలు నిండేదాకా కడుపులో నిలవడం మా ఇంటిల్లిపాదికీ ప్రాణంతో సమానమైంది. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ అంతస్తులో ఏ తీగ తెగినా చలించని మనిషి, వదిన తుమ్మితే చాలు, లేచి నిలబడేవాడు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం, బల్ల దగ్గర నిలబడి ఉండగా వదిన పొట్ట మొత్తం ఒక్కసారి బిగుసుకుంది. నొప్పి లేదు. ఎవరో లోపల పిడికిలి బిగించినట్టుందని తరువాత చెప్పింది. కాసేపటికి వదిలింది, మళ్లీ బిగిసింది. అన్నయ్య లిఫ్టును మధ్యలోనే వదిలేసి ఆమెను ఆసుపత్రికి చేర్చాడు. దారిలో నాకు ఫోను చేస్తే నేనూ వెళ్లాను.

కాన్పుల వార్డులోని నర్సు నెరిసిన జుట్టు బిగించి ముడిచుట్టిన మనిషి. వదినను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, నీళ్లు తాగించి, పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. చెయ్యి కదపలేదు, నొక్కలేదు. వాన వస్తుందేమోనని కిటికీలోంచి చెయ్యి చాపి చూసేవాళ్లలా ఊరికే ఉంచింది.

"మీ ముక్కు కొన ఓసారి ముట్టుకోండి," అంది.

వదిన ముట్టుకుంది.

"పొట్ట అంత గట్టిపడితే చిన్న బిగువు. ఇప్పుడు గడ్డం ముట్టుకోండి. అంత గట్టిగా ఉంటే మధ్యరకం. నుదురంత గట్టిపడి, వేలు దిగకపోతే పెద్దది. మా చేతి లెక్క అంతే."

"మరి నాదిప్పుడు ముక్కా, గడ్డమా సిస్టర్?"

"ముక్కే. అదీ చప్పిడి ముక్కు."

కాసేపటికి ఆ బిగువులు వాటంతటవే ఆగిపోయాయి. వీటినే దొంగ నొప్పులంటారని నర్సు చెప్పింది. ఆ పేరు మీద నాకు అభ్యంతరం ఉంది. నేరం రుజువు కాకుండా ఎవరినైనా దొంగ అనడం సబబు కాదు. పైగా ఆ బిగువులు చేసిన నేరమంటూ ఏమీ లేదు. గర్భసంచి కండరంతో చేసిన సంచి. కండరం అన్నాక అది పూర్తిగా పడుకోదు. గర్భం నిలిచిన నెలలన్నిటా ప్రొజెస్టిరాన్ అనే హార్మోను దాన్ని జోకొడుతూ ఉంటుంది. అయినా ఒక్కో మూల ఒక్కో సమయంలో కదిలి, బిగిసి, మళ్లీ సర్దుకుంటుంది. ఒక మూలన పుట్టిన బిగువు పక్కకు పాకదు, ఎందుకంటే ఆ దశలో కండర కణాలకు ఒకదానితో ఒకటి సంబంధాలు బాగా తక్కువ. ఒకే వీధిలో ఉంటూ పరస్పరం పలకరించుకోని ఇళ్ల లాంటివవి. నెలలు నిండే వేళకు ఆ ఇళ్ల మధ్య తలుపులు తెరుచుకుంటాయి. ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను పిలుపును అందుకునే గుణం కండరంలో పెరుగుతుంది. అప్పుడు పైకొసన మొదలైన బిగువు అలలాగా కిందిదాకా ప్రయాణిస్తుంది. అదే కాన్పు నొప్పి. ఇదంతా నేను ఆ తరువాతి రోజుల్లో చదివి తెలుసుకున్నాను. ఆ రోజున మాకు దక్కింది నర్సు మాట ఒక్కటే.

"మళ్లీ వస్తే పడుకోండి, నీళ్లు తాగండి. ఆగిపోతే భయం లేదు. ఆగకుండా, వరసగా, రాను రాను దగ్గర దగ్గరగా వస్తుంటే మాత్రం ఎంత చిన్నవైనా సరే, వచ్చెయ్యండి."

స్పష్టమైన మాట. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఒక్కటి తప్ప. పడుకోవడానికి వీలున్న మనిషి కోసం తయారైన మాట అది.

మర్నాడు వదిన పనికి వెళ్లగానే బట్టీ బాబాయి స్వాగతం పలికాడు. బట్టీ చూసే ముసలాయనను అక్కడ అందరూ అలాగే పిలుస్తారు.

"ఏమ్మా రిహార్సలూ, అసలు నాటకం ఎప్పుడు?"

గదంతా నవ్వింది. సాయంత్రానికి ఆ పేరు దుకాణం ముందు భాగానికి చేరింది. వారం తిరిగేసరికి బన్నులు కొనడానికి వచ్చేవాళ్లు కూడా, "రిహార్సలు గారు బాగున్నారా?" అని అడగసాగారు. వదిన నవ్వుతూనే ఊరుకుంది. కానీ ఒక రాత్రి భోజనాల దగ్గర, "నుదురు గట్టిపడేదాకా నేను ఆసుపత్రి గడప తొక్కను," అని తేల్చి చెప్పింది.

"పని దగ్గర వస్తే ఎక్కడ పడుకుంటావు వదినా?" అన్నాను.

"పడుకోవడం దేనికి? నొక్కి చూస్తే తెలీదూ?"

"కుర్చీ అయినా ఇవ్వాలి కదా. నిలబెట్టి పని చేయించుకునే చోట కూర్చునే ఏర్పాటు లేకపోవడం అన్యాయం. మీ ఓనరుకు నోటీసు ఇస్తాను."

"నోటీసిస్తే కుర్చీ వస్తుందో రాదో కానీ లాయరమ్మా, నేను కూర్చునేది మాత్రం ఇంట్లోనే. నా పేరెత్తావంటే ఊరుకోను."

"ఊరుకోవే," అంది అమ్మ నాతో. "కడుపుతో ఉన్న పిల్ల దగ్గర కోర్టు పెట్టకు."

నొక్కి చూస్తే తెలుస్తుందన్న ఆ మాటలోనే అపాయం ఉంది. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

ఎనిమిదో నెల మొదట్లో జరిగింది ఇది. బేకరీలో ఏం జరిగిందో వదిన నోటా విన్నాను, బాబాయి నోటా విన్నాను. ఇద్దరి వాంగ్మూలాలూ కలిశాయి కనుక ధైర్యంగా రాస్తున్నాను.

పొద్దున్నుంచే ఆమెకు నడుం లాగుతోంది. పిండి పిసికేవాళ్లకు నడుం లాగడం వార్త కాదు. కొంతసేపటికి పొట్ట బిగిసింది. వదిన ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, రెండో చేతి రెండు వేళ్లతో పొట్టను నొక్కింది. ముక్కు. కాసేపు చూసి మళ్లీ నొక్కింది. వేళ్లు మెత్తగా దిగాయి. బిగిసింది వదులైంది కనుక అంతా క్షేమం అనుకుని మళ్లీ పిండిలో చేతులు పెట్టింది. కాసేపటికి మళ్లీ బిగిసింది, మళ్లీ నొక్కింది, మళ్లీ వదులైంది. ప్రతిసారీ ఆమె పరీక్షలో పొట్ట నెగ్గుతూనే ఉంది.

బట్టీ బాబాయికి ముక్కుల సంగతీ గడ్డాల సంగతీ తెలియదు. ఆయనకు తెలిసింది ట్రేలు. వదిన ఉండలు చేసి ట్రే నింపితే, ఆయన దాన్ని బట్టీలోకి తోస్తాడు. ఆ రోజు ఆయన చేతులు ఖాళీగా ఉండిపోతున్నాయి.

"అమ్మాయ్, నీ చెయ్యి ఆగుతోంది."

"ఆగితే ఏం బాబాయ్, మళ్లీ సాగుతోందిగా."

"ఇందాక ట్రేకి ఒకసారి ఆగావు. ఇప్పుడు ట్రే నిండకముందే రెండుసార్లు ఆగావు. నేను తలుపు తీసినప్పుడల్లా నువ్వు బల్ల పట్టుకునే ఉంటున్నావు."

"ఏం కాదు, వదులవుతోంది. ఇదిగో, మెత్తగానే ఉంది."

"మెత్తనో గట్టో నాకెందుకు? బట్టీ ఖాళీగా మండుతోంది. ఇట్లాగైతే సాయంత్రానికి అద్దాల బీరువాలో నన్ను కూర్చోబెట్టాలి."

వదిన నవ్వబోయి మళ్లీ బల్ల పట్టుకుంది. ట్రేకి ఒకసారి, తరువాత ట్రే నిండకముందే రెండుసార్లు. దగ్గర దగ్గరగా అంటే ఇదే కదా అన్న ఆలోచన అప్పుడు తట్టింది ఆమెకు. ఇంతసేపూ తన వేళ్లు చూసింది పొట్ట ఎంత గట్టిగా ఉందో, మళ్లీ మెత్తబడిందో లేదో. ఒక బిగువుకూ మరో బిగువుకూ మధ్య ఎంత ఎడముందో చూడనే లేదు. పిండికి ఆ లెక్క అక్కర్లేదు మరి.

"బాబాయ్," అంది, "మళ్లీ రిహార్సలంటారు."

"అనేది నేనేగా. అననులే, పో."

నేను ఆసుపత్రికి చేరేసరికి ఆమె పొట్ట చుట్టూ బెల్టు కట్టి ఉంది. పక్కన యంత్రం కాగితం మీద గీతను గుట్టలు గుట్టలుగా గీస్తోంది. గుట్టలు ఎత్తైనవి కావు, కానీ వరసలో ఉన్నాయి. గర్భసంచి ముఖద్వారం మెత్తబడి, కొద్దిగా తెరుచుకోవడం మొదలైందని డాక్టరమ్మ చెప్పింది.

"ఇప్పుడే పుడితే బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధంగా ఉండవు," అందామె. "బిగువులు నెమ్మదించడానికి మందిస్తున్నాం. ఊపిరితిత్తుల కోసం ఇంజక్షను కూడా ఇస్తున్నాం. అది పనిచెయ్యడానికి వ్యవధి కావాలి. ఈ మందు మనకు ఆ వ్యవధి ఇస్తే చాలు. ఆపైన నిలబడిన ప్రతి రోజూ లాభమే."

"నిలబడకపోతే?" అంది అమ్మ.

"పసిపిల్లల వార్డు వాళ్లకు చెప్పి ఉంచాను. ముందు ఆపడానికి చూద్దాం."

అమ్మ గోడ వైపు తిరిగి, చీర కొంగును చూపుడు వేలికి చుట్టడం మొదలుపెట్టింది. అన్నయ్య ఆ గుట్టల గీతను, పాడైన పానెల్‌ను చూసినట్టు కళ్లు చిట్లించి చూస్తున్నాడు.

అదే నర్సు వచ్చి పొట్ట మీద చెయ్యి ఆనించింది.

"నొక్కి చూశాను సిస్టర్," అంది వదిన. "ప్రతిసారీ వదులైంది. మీరే చూడండి, ఇప్పుడూ వదులైంది."

"అవ్వాలి కదమ్మా. అసలు నొప్పులైనా మధ్యమధ్యలో వదులవ్వాల్సిందే. బిగిసినప్పుడు బిడ్డకు పోయే రక్తం తగ్గుతుంది. వదులైనప్పుడే మళ్లీ అందుతుంది. ఆ ఎడమే బిడ్డకు ఊపిరి."

"పిండి అయితే వదులైందంటే ఇక భయం లేదు."

"మీ పిండిలో మనిషి లేడుగా."

వదిన కళ్లు మూసుకుంది. అన్నయ్య ఆమె పాదాల దగ్గర నిలబడి, ఏదో ఒక ధైర్యం చెప్పాలి కనుక చెప్పాడు. "కంగారు పడకు. దిగుతున్నదాన్ని కాసేపు అక్కడే ఆపుతున్నారు. అంతే."

"ఏవండీ, నాది లిఫ్టు కాదు."

"కాదులే. లిఫ్టైతే నేనే చూసుకునేవాణ్ని."

ఆ మధ్యాహ్నమంతా మేము ఆ కాగితాన్ని చూస్తూ గడిపాం. గుట్ట లేస్తే నలుగురం ఊపిరి బిగబట్టేవాళ్లం, దిగితే వదిలేవాళ్లం. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పాకే వేళకు గుట్టల మధ్య మైదానాలు పెరిగాయి. ఆ తరువాత గుట్టలు గట్లయ్యాయి. సాయంత్రానికి గీత దాదాపు చదునైంది. మందు తన పని చేసింది. అందరి విషయంలోనూ అలా జరగదని, బిగువులు ఆగినా మళ్లీ మొదలుకావచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది. కొద్ది రోజులు కనిపెట్టి చూసి, నిలబడి చేసే పని ఇక వద్దని చెప్పి ఇంటికి పంపింది.

ఇంట్లో వదిన ఊరికే కూర్చోలేకపోయింది. చేతులకు పని లేక దిండ్లను పిసికింది. ఆమె పక్కగా వెళ్లిన ప్రతిసారీ అమ్మ, భోజనం చేశావా అని అడిగినంత మామూలుగా, "ముక్కా, గడ్డమా?" అని అడిగేది. వదిన ఇప్పుడు పొట్టను నొక్కడం మానేసింది. బిగువు వచ్చినప్పుడు గోడ గడియారం వైపు చూసి, మళ్లీ వచ్చేదాకా ఎంత ఎడముందో చూసేది. పక్కకు ఒత్తిగిలితే అవి ఆగిపోయేవి. ఒత్తిగిలడానికి మంచముంది కనుక ఆ సంగతి తెలిసింది.

అది నన్ను మళ్లీ నోటీసు దగ్గరికి తీసుకువెళ్లింది. ముసాయిదా రాసి ఆమెకు చదివి వినిపించాను.

"ఇది చదివితే ఓనరు గారికే నొప్పులొస్తాయి," అంది వదిన. "వద్దులే. ఫోనులో చెప్పాను. ఇక మీద బస్తా మీద కూర్చోవచ్చన్నారు."

"దయ తలచి చూపించిన బస్తా హక్కు కాదు వదినా. రేపు గడ్డకట్టిందంటే లేవమంటాడు."

"ముందు నన్ను కననీ."

నెలలు నిండాయని డాక్టరమ్మ ఒప్పుకున్న వారంలోనే, మధ్యాహ్నం భోజనాలై గిన్నెలు సర్దుతున్న వేళ, అమ్మ అలవాటుగా అడిగింది. వదిన తన నుదుటిని వేలితో చూపించింది.

ఈసారి ఆసుపత్రిలో ఆపడానికి ఎవరూ ప్రయత్నించలేదు. లోపల తలుపులన్నీ తెరుచుకున్నాయి, కండరమంతా ఒక్కమాట మీద పనిచేస్తోంది. పిండికీ కండరానికీ ఉన్న మరో తేడా నర్సు ఆ రోజు చెప్పింది. పిండిని సాగదీసి వదిలితే వెనక్కి పోతుంది. కాన్పులో గర్భసంచి పైభాగం బిగిసి వదులైనా, ముందున్నంత పొడవుకు తిరిగి రాదు. ప్రతి బిగువుకూ కాస్త కాస్త కురచవుతూ మందమెక్కుతుంది. కింది భాగం అంతకంతకూ పలచబడి, ముఖద్వారం తెరుచుకుంటుంది. వదులైన ప్రతిసారీ అంతా మొదటికొచ్చినట్టు తల్లికి అనిపిస్తుంది గానీ, చేసిన పని చేసినట్టే మిగులుతుంది.

"అయితే ఇందాకటిది వృథా పోలేదన్నమాట," అంది వదిన, రెండు నొప్పుల మధ్య.

"ఏదీ పోలేదు. ఇంకోటి రానివ్వండి."

దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. పుట్టీపుట్టగానే వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. ఊపిరితిత్తుల గురించి మాకున్న బెంగ ఆ కేకతో తీరిపోయింది. గుమ్మం బయట అన్నయ్య గోడకు ఆనుకుని జారి, నేల మీద కూర్చున్నాడు.

మావి పడిన తరువాత నర్సు వదిన పొట్ట మీద చెయ్యి పెట్టి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. బిడ్డ వెళ్లిపోయాక గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే, మావి ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలు నొక్కుకుని మూసుకుంటాయి. మెత్తగా ఉండిపోతే రక్తం ఆగదు.

వదిన నీరసంగా ఆ చేతినే చూసింది. "సిస్టర్, వేళ్లతో కాదు, అరచేతి అడుగుతో ఒత్తాలి."

"ఇక్కడ మేస్త్రీని నేను," అంది నర్సు. ఆ తరువాత వదిన చెయ్యి తీసుకుని బొడ్డు దగ్గర ఉంచింది. "తెలుస్తోందా, గట్టి బంతిలా? ఇప్పుడిది ఇలాగే ఉండాలి. మెత్తబడినట్టు అనిపిస్తే వెంటనే పిలవండి. వదులైందిలే అని ఊరుకోకండి."

వదిన ఒక చేత్తో బిడ్డను పట్టుకుంది. రెండో చెయ్యి పొట్ట మీదే ఉంచుకుంది. బిగిసిన ముద్ద వదులు కావాలని ఇన్నేళ్లు ఎదురుచూసిన చెయ్యి, ఇప్పుడది వదులు కాకూడదని కాపలా కాసింది.

మర్నాడు పొద్దున్న బట్టీ బాబాయి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, పాపను ఎత్తుకోకుండా చూసి మాత్రం తృప్తి పడ్డాడు.

"నాటకం బాగా రక్తి కట్టిందమ్మాయ్."

"అననన్నావుగా బాబాయ్."

"రిహార్సలని మాత్రమే అననన్నాను."

ఆయనే మరో సంగతి చెప్పాడు. వదిన స్థానంలో కొత్తగా ఒకమ్మాయి చేరిందట. ఆమెకు మూడో నెల. నిన్న కళ్లు తిరిగి బస్తా మీద కూర్చుంటే, పిండి గడ్డకడుతుందని ఓనరు గారు లేపేశారట.

పాప పిడికిలి వదిన చూపుడు వేలిని చుట్టుకుని ఉంది.

"లాయరమ్మా," అంది, "ఆ కాగితం పారేశావా?"

"లేదు వదినా."

"నా పేరు పెట్టు. బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు అని తిప్పి తిప్పి రాశావే, అది కొట్టేసి కుర్చీ అని రాయి. బస్తా కాదు, కుర్చీ. పైన 'దయచేసి' అని కూడా ఉన్నట్టుంది."

"ఉంది."

"తీసెయ్."